సముద్రగర్భమున సాక్ష్యము

2019వ సంవత్సరము అక్టోబరు నెలలో 'పెట్రెల్' అను పరిశోధక నౌక పసిఫిక్ మహాసముద్రమున రెండు జపాను విమానవాహక నౌకల శిథిలములను కొద్దిదినముల యెడముతో కనుగొన్నది. మొదట కనబడినది కగా. పిమ్మట కనబడినది అకాగి. 1942 జూనులో జరిగిన మిడ్వే యుద్ధమున మునిగిన యీ రెండు నౌకలును 77 ఏండ్ల కాలము ఎవ్వరి కంటను పడక, పెర్ల్ హార్బరునకు వాయవ్యదిశయందు 1,300 మైళ్లకు మించిన దూరమున, ఇంచుమించు 5,400 మీటర్ల లోతున పడియుండినవి. 2023 సెప్టెంబరులో 'నాటిలస్' అను మఱియొక నౌకవారు యంత్రములను దింపి అకాగిని దగ్గఱనుండి చూచిరి. మునిగిన తరువాత మనుష్యులు దానిని కన్నులార చూచుట అదియే మొదటిసారి. ఆ దృశ్యములు అప్పటికప్పుడే లోకమునకు ప్రసారమైనవి.

ఈ వార్త చదివిన మనవారిలో ననేకులు, ఎక్కడి మిడ్వే, ఎక్కడి మనము, అనుకొని పుట త్రిప్పియుందురు. అట్లనుకొనుట పొరపాటు. అకాగి మనకు అపరిచితమైన నౌక కాదు. మునుగుటకు రెండు నెలల ముందు అది మన సముద్రపు వాకిటకు వచ్చిపోయినది. ఆ వచ్చిన దండులోనిదే యొక భాగము విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు విడిచిపోయినది. కనుక ఆ నౌక శిథిలమును గూర్చి మాటలాడుటకు మనకు అధికారము కలదు. మాటలాడవలసిన బాధ్యతయు కలదు.

మొదట ఆ నౌకను కనుగొనిన విధము కొంత చెప్పవలెను. 5,400 మీటర్ల లోతనగా మన తూర్పుకనుమలలోని మహేంద్రగిరి వంటి కొండలను మూడింటిని ఒకదానిపై నొకటి పేర్చి ముంచినను పైకి శిఖరము కనబడని లోతు. అక్కడ సూర్యకాంతి లేదు. నీటి యొత్తిడి మనము నిలుచు నేలమీది గాలి యొత్తిడికి 500 రెట్లకు మించును. చలి, గడ్డకట్టు నీటికి కొంచె మెక్కువ. అట్టిచోట వెలుతురు కొన్ని బారలకంటె ఎక్కువ దూరము పాఱదు. ధ్వని మాత్రము నీటిలో సెకండునకు 1,500 మీటర్ల వేగమున పరుగెత్తును. కావున అక్కడ వెదకువాడు కంటితోగాక చెవితో వెదకును. మనిషి లేని యంత్రమొకటి సముద్రపుటడుగునకు దిగి, నేలను దున్నువాడు చాలు వెంట చాలు పోవునట్లు పోవుచు, ఇరుప్రక్కలకు ధ్వనిని విసరి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని చిత్రముగా వ్రాసికొనును. ఆ చిత్రమున నేలకు సహజము కాని గీత కనబడెనేని, అప్పుడు దీపములు, చిత్రగ్రహణ యంత్రములు గల మఱియొక పరికరమును తీగ వెంట దింపుదురు. ఇంతటి పనికి ధనమును కావలెను, ఓర్మియు కావలెను. కగా నౌకనుండి విరిగిపడిన యొక తునుక 1999లోనే దొరకినది. నౌక దొరకుటకు మఱి 20 ఏండ్లు పట్టినది. అదే యుద్ధమున మునిగిన అమెరికా నౌక యార్క్‌టౌనును మాత్రము రాబర్ట్ బల్లార్డు 1998 మే నెలలోనే కనుగొనెను.

పెట్రెల్ నౌకను ఈ పనికై సమకూర్చినవాడు పాల్ అలెన్. బిల్ గేట్సుతో కూడి మైక్రోసాఫ్టు సంస్థను స్థాపించిన ధనికుడాతడే. ఆతని ధనముతో లెక్సింగ్టన్, హార్నెట్, వాస్ప్ అను అమెరికా విమానవాహకములు కూడ బయటపడినవి. అకాగి దొరకునాటికి ఆతడు చనిపోయి ఏడాదియైనది. ధనవంతులు తమ ధనమును వెచ్చించు తీరులను చూచి మనము పలుమాఱు చింతించుచుందుము. ఇది చింతింపవలసిన తీరు కాదు. అయినను ఒక్కమాట. యుద్ధములను జేయుటకు రాజ్యముల బొక్కసములు తెఱచియుండగా, ఆ యుద్ధములలో చచ్చినవా రెక్కడ నున్నారో వెదకుటకు ఒక వర్తకుని సంచి విప్పవలసివచ్చినది.

ఇక అకాగి కథ. ఆ నౌకను మొదట విమానములకై కట్టలేదు. 1920లో కురే రేవున దానిని యుద్ధనౌకగా ఆరంభించిరి. 1922లో వాషింగ్టనున జరిగిన ఒడంబడికచే పెద్ద యుద్ధనౌకల సంఖ్య తగ్గింపవలసిరాగా, సగము కట్టిన దానిని విమానవాహకముగా మార్చిరి. దానికి జోడుగా అమాగి అను నౌకను మార్చదలచిరి గాని, 1923 సెప్టెంబరు 1న సంభవించిన మహాభూకంపమున అది చెడిపోయినది. దాని స్థానమునకు కగా వచ్చినది. శాంతికొఱకు చేసికొనిన యొడంబడికనుండియే, ముందటికంటె దూరము పోయి చంపగల నౌక పుట్టినదన్నమాట. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై పడిన ఆఱు విమానవాహకములలో అకాగి నాయకనౌక. సేనాని నగూమో దానిపైననే యుండెను. 1942 ఫిబ్రవరి 19న ఆస్ట్రేలియాలోని డార్విను రేవును కాల్చినవానిలో అకాగి, కగా రెండును కలవు.

ఆ యేప్రిలులో నగూమో హిందూమహాసముద్రమున ప్రవేశించెను. ఏప్రిలు 5వ తేది, క్రైస్తవుల ఈస్టరు పండుగనాడు, కొలంబోపై దాడి జరిగినది; డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అను బ్రిటిషు క్రూయిజర్లు మునిగినవి. 9వ తేదిన ట్రింకోమలై కాలినది. ఆనాడే హెర్మీస్ అను బ్రిటిషు విమానవాహకము, ఒక్క విమానమైనను తనపై లేని దుస్థితిలో, మట్టకళప్పు తీరమున మునిగినది. దానితో 300 మందికి పైగా నావికులు మరణించిరి. ఇదే సమయమున ఓజావా అను మఱియొక సేనాని రియూజో అను చిన్న విమానవాహకముతో బంగాళాఖాతమున తిరుగుచు, కొద్దిదినములలో 20కి పైగా వర్తకనౌకలను ముంచెను. ఏప్రిలు 6వ తేదిన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి రియూజో విమానములే.

ఆ దినములను తలచుకొనవలెను. విశాఖ రేవు తెఱచి పట్టుమని పదేండ్లు కాలేదు. భారతీయుల ధనముతో భారతీయులు నౌకలు కట్టుటకై వాల్‌చంద్ హీరాచంద్ గారు తలపెట్టిన సింధియా నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదు గారు శంకుస్థాపన చేసి ఏడాదియైనను నిండలేదు. బాంబులవలన చనిపోయినవారి సంఖ్య, ఆ యుద్ధపు లెక్కలలో, స్వల్పమే. కాని పట్టణములకు పట్టణములు ఖాళీయైనవి. బండ్లు, రైళ్లు, కాలినడక, ఏది దొరకిన దానిమీద జనము లోపలి పల్లెలకు తరలినది. మద్రాసు ప్రభుత్వము సైతము తన కార్యాలయములను సముద్రతీరమునుండి లోపలి పట్టణములకు తరలించుకొనినది. సరిగా ఆ వారముననే ఢిల్లీలో సర్ స్టాఫర్డు క్రిప్సు మన నాయకులతో సంప్రదింపులు నడుపుచుండెను. ఆ సంప్రదింపులు చెడినది ముఖ్యముగా దేశరక్షణశాఖ యెవరి చేతిలో నుండవలెనను ప్రశ్నపైననే. తన నెత్తిన బాంబు పడుచుండగా తన రక్షణమును తానే చూచుకొనెదనన్న జాతికి, అది నీ చేత కాని పని యని చెప్పిన ప్రభుత్వము, ఆ పనిని తాను చేసి చూపలేకపోయెను.

రెండు నెలలు గడచినవి. జూను 4వ తేదిన అకాగి, కగా, సోర్యూ, హిర్యూ అను నాలుగు విమానవాహకములతో నగూమో మిడ్వే దీవిపై దాడి ఆరంభించెను. అమెరికనులు జపాను వారి రహస్యలిపిని కొంతవఱకు ఛేదించియుండిరి. శత్రువులు 'ఏ.ఎఫ్.' అని పేర్కొను స్థలము మిడ్వేయా కాదా యని తెలిసికొనుటకై, మిడ్వేలో మంచినీటి యంత్రము చెడిపోయినదని వట్టి అబద్ధమును బాహాటముగా ప్రసారము చేయించిరి. ఏ.ఎఫ్.లో మంచినీరు లేదని జపాను వారు తమలో తాము చెప్పుకొనిరి. అంతటితో గుట్టు బయటపడినది.

ఆనాటి యుదయము 10 గంటలు దాటి 20 నిమిషములైన పిమ్మట అమెరికా విమానములు ఆకాశమునుండి నిట్టనిలువుగా దుమికినవి. జపాను నౌకల లోపలి విమానశాలలలో అప్పుడు పెట్రోలు నిండిన విమానములును, వానికి తగిలించుచున్న టార్పీడోలును, తీసివేసిన బాంబులును చెల్లాచెదరుగా నుండినవి. నేలపై దాడికి బాంబులు తగిలింపవలెనా, నౌకలపై దాడికి టార్పీడోలు తగిలింపవలెనా యని ఒకే యుదయమున ఆజ్ఞ మాఱుటయే దానికి కారణము. కగాకు నాలుగు బాంబులైనను తగిలినవి. అకాగిపై సూటిగా పడినది ఒక్కటియే. ఆ యొక్కటి చాలినది. నాలుగు గోడల నడుమ మూసియున్న శాలలో మంట మంటను రగిల్చినది. కొద్ది నిమిషములలో మూడు నౌకలు మండినవి. హిర్యూకు అదేనాటి సాయంకాలము అదే గతి పట్టినది. కగా ఆ రాత్రికే మునిగినది. దానితో 800 మందికి పైగా పోయిరి. అకాగి రాత్రియంతయు మండుచుండగా, మఱునాటి తెల్లవాఱుజామున జపాను వారే తమ టార్పీడోలతో దానిని ముంచిరి. ఆ యుద్ధమున జపాను వారు 3,000 మందికి పైగాను, అమెరికనులు 300 మందికి పైగాను మరణించిరి. నౌకల అడుగుభాగమున యంత్రముల కడ నుండిన వారికి పైకి వచ్చు దారియే లేకపోయినది.

మేము పాఠకులను ప్రత్యేకముగా నిలిపి చూపదలచినది దీని తరువాతి సంగతి. జూను 10వ తేదిన టోకియోలో వెలువడిన ప్రకటనయందు, అమెరికా విమానవాహకములు రెండింటిని ముంచితిమనియు, తమది ఒకటి మునిగి మఱియొకటి దెబ్బతిన్నదనియు చెప్పిరి. నిజమునకు మునిగినవి నాలుగు. మరలివచ్చిన క్షతగాత్రులను ఆస్పత్రులలో ఎవ్వరితోను మాటలాడనీయక వేఱుగా నుంచిరి. ఏ ప్రభువుకొఱకు చావునోట తలపెట్టిరో ఆ ప్రభువు వారిని నేరస్థులవలె దాచెను. వారు చేసిన నేరమెల్ల నిజమును కన్నులార చూచుట.

జపాను వారిని మాత్రము తప్పుపట్టుట న్యాయము కాదు. మే 8వ తేదిన పగడపు సముద్రమున మునిగిన లెక్సింగ్టన్ సంగతిని అమెరికా ప్రభుత్వము తన ప్రజలకు జూను 12న గాని చెప్పలేదు. జూను 7న మునిగిన యార్క్‌టౌను సంగతి సెప్టెంబరులో గాని బయటపెట్టలేదు. శత్రువునకు తెలియకుండుటకై కొన్నివారములు దాచితిమందురు. ఆ వాదమున కొంత నిజము కలదు. కాని శత్రువునకు తెలియరానిదేదో, ప్రజలకు తెలియరానిదేదో, వేఱుచేసి చూపునట్టి గీతను ఏ ప్రభుత్వమును తనంత తాను గీయదు. అమెరికాలో ఆలస్యముగా నైనను చెప్పిరి. జపానులో రాజ్యమే కూలువఱకు చెప్పలేదు. మనదేశమున నా పరప్రభుత్వము తనకు తోచినది చెప్పెడిది, తోచనిది మింగెడిది. మిగిలినదానిని వదంతి పూరించెడిది. 1942 ఏప్రిలులో తీరప్రాంతపు జనమును ఊళ్లు విడిపించినది బాంబులకంటె ఎక్కువగా, నమ్మదగిన వార్త లేకపోవుటయే.

కాబట్టి అకాగి, కగా శిథిలముల ఛాయాచిత్రములు చూచినప్పుడు మాకు కలిగిన భావము కేవలము ఆశ్చర్యము కాదు. ఆ ప్రకటనను వ్రాసిన కలములు విరిగినవి; ఆ శాఖలు మాసిపోయినవి. నౌకలు మాత్రము తాము మునిగిన చోటనే యుండి, ఏ ముద్రాపకుడును దిద్దలేని సాక్ష్యమును కాపాడుకొనుచున్నవి. ఆ సాక్ష్యమును చిత్రించి, కొలిచి, లోకమునకు చూపవలెను. కాని దానిని కదల్పరాదు. అకాగిని చూచినవారు ఏ వస్తువును పైకి తీయలేదు. ఆ ప్రాంతము పాపహానౌమోకువాకేయ అను రక్షితసముద్రభాగము లోనిది. హవాయి ఆదివాసులకు పవిత్రమైనది. 2023లో యంత్రములు దిగునప్పుడు హవాయివారును జపానువారును తమ తమ సంప్రదాయముల ననుసరించి మృతులకు నివాళులర్పించిరి. 2025 ఏప్రిలులో అమెరికావారి పరిశోధక నౌకయొకటి యార్క్‌టౌను లోపలికి తొంగిచూడగా, విమానములతోపాటు ఒక మోటారుకారు కూడ కనబడినదట! యుద్ధనౌకలో కారేల యని లోకము వింతపడినది. దానిని గూడ ఉన్నచోటనే విడిచిరి.

అంత లోతున నున్నవానికి ఆ లోతే కోట. లోతు తక్కువైనచో నేమగునో జావా సముద్రము చూపినది. 1942 ఫిబ్రవరిలో అక్కడ మునిగిన డీ రూయిటర్, జావా అను డచ్చి యుద్ధనౌకలను 2016లో చూడబోగా, ఇసుకలో వాని ముద్రలే మిగిలియున్నవి. వందలకొలది నావికుల సమాధులైన ఆ నౌకలను ఇనుముకొఱకు, కంచుకొఱకు దొంగలు ముక్కలుముక్కలుగా కోసికొనిపోయిరి. మలయా తీరమున మునిగిన ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ నౌకలకు నదే దుర్గతి. 2023 మేలో మలేషియా అధికారులు ఒక చైనా ఓడను పట్టుకొని నిర్బంధించినది ఆ దోపిడి యనుమానము మీదనే. శ్మశానమున కట్టెలేరుకొనువానిని సైతము మన పల్లెలు అసహ్యించుకొనును. ఇది అంతకంటె హీనము.

ఈ ధర్మము ఇతరులకు చెప్పుట సులభము. మన వాకిట దానిని పాటించితిమా? పాటించితిమని చెప్పుటకు సంతోషించుచున్నాము. 1971 డిసెంబరు మొదటి వారమున పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరమునకు అతి సమీపమున, 90 మందికి మించిన నావికులతో మునిగినది. 1944 ఫిబ్రవరి 11న ఆర్.ఓ. 110 అను జపాను జలాంతర్గామిని అదే తీరమున ముంచినవానిలో జమునా అను భారతీయ నౌకయు కలదు. ఘాజీ యునికిని మన నౌకాదళము నూతన పరికరములతో గుర్తించినట్లు 2024లో తెలియవచ్చినది; మృతులయెడ గౌరవముచే దానిని ముట్టక విడిచితిమని నౌకాదళమువారు చెప్పిరి. శత్రువు ఎముకలను శత్రువు ఎముకలుగా గాక మనిషి యెముకలుగా చూచిన యీ మాట, మాకు ఏ విజయవార్తకంటెను తక్కువగా తోచలేదు. ఆఱువేల మీటర్ల లోతునకు మనుష్యులను పంపగల 'మత్స్య' యను వాహనమును నిర్మించుటకు మనదేశము పూనుకొన్నది. సముద్రపుటడుగున ఖనిజములను వెదకుట దాని యుద్దేశములలో నొకటి. ఖనిజములను వెదకబోవు చేతులకు నౌకాదళమువారి యీ మర్యాద ముందుగానే శాసనరూపమున తెలియజేయుట మంచిది.

ఇక మిగిలినది పేర్ల సంగతి. అకాగికి పేరు కలదు, సేనానికి పేరు కలదు, దానిపై బాంబు వేసిన వైమానికునకు పేరు కలదు. ఓజావా ముంచిన వర్తకనౌకలలో బొగ్గుపోసి, తాళ్లు లాగి, వంటలు చేసిన ఖలాసీలలో భారతీయులు అనేకులు. వారిలో బ్రతికినవారు కొందఱు పడవలలో ఒడిస్సా తీరమును చేరిరి. చేరనివారు మన బంగాళాఖాతముననే యున్నారు. ఆ మహాయుద్ధమున మరణించిన అవిభక్తభారతపు నావికులు, ఖలాసీలు 6,000 మందికి పైబడిన వారి పేర్లతో ఒక స్మారకగ్రంథము కలదు. దాని ప్రతులు ముంబయిలోను చిట్టగాంగులోను కలవు. మన రేవుపట్టణములలో దానిని చూచినవారెందఱు? ఏప్రిలు 6న విశాఖపై పడి పేలని బాంబొకటి నేడు ఆ నగరపు మ్యూజియములో కలదు. పిల్లలు దానిని ముట్టి చూచి పోవుదురు. ఆనాడు పేలిన బాంబులు ఎవరిమీద పడినవో వారి పేర్లు గూడ ఆ బాంబు ప్రక్కన పిల్లలకు కనబడవలెను.

1942లో పదేండ్ల బాలురైనవారికి నేడు తొంబది దాటినవి. ఆనాటి సైరను కూత విన్నవారు, తల్లి చంకనెక్కి ఊరు విడిచినవారు ఇంకను కొందఱు మిగిలియున్నారు. విశాఖ, కాకినాడ గ్రంథాలయముల నిర్వాహకులు ఒక కాగితపు పుస్తకమును, ఓపిక గల యిద్దఱు యువకులను వారి యిండ్లకు పంపవలెనని కోరుచున్నాము. దీనికి యంత్రములు అక్కఱలేదు, కోట్లు అక్కఱలేదు. వచ్చు ఏప్రిలు 6వ తేదిలోగా ఆ పని మొదలైనచో, సేకరించిన పేర్లను ప్రకటించుటకు మా పత్రికయందు చోటు కలదు.